హెన్రీకి ఒడ్డు కట్టినప్పుడు

ఇప్పుడు కొండాపూర్ నుంచి నల్లగండ్ల దాకా వీధికొక పెంపుడు జంతువుల క్లినిక్ ఉంది. వాటిలో పనిచేసే కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కుక్కలూ పిల్లుల సంగతి వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. నన్ను అడిగేది తాబేళ్ళ గురించి. నీళ్ళూ నేలా రెండూ కావలసిన జీవానికి ఇల్లు ఎలా ఏర్పాటు చేయాలో మీరు ఎక్కడ నేర్చుకున్నారు సార్ అంటారు.

ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రిసెప్షన్‌లో నేర్చుకున్నాను. బతికి ఉన్న తాబేలు చచ్చిపోయిందని కాగితం మీద రాసి, సంతకం చేసి, కింద ప్రభుత్వ ముద్ర కూడా వేసి నేర్చుకున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు నాది. ఏ ఊరికి బదిలీ అయింది, ఎవరికంటే ముందు ప్రమోషన్ వచ్చింది అన్న గొడవ మీకు ఎందుకూ పనికిరాదు. ఈ తాబేలు సంగతి మాత్రం పనికొస్తుంది. కొంచెం సిగ్గుగా ఉన్నా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు వచ్చిన చదువు

నాది తెనాలి దగ్గర పల్లె. తొంభైల చివర్లో నల్లగండ్ల వైపు ఒక పశువైద్యశాలలో పనిచేసేవాణ్ణి. రెండు రేకుల గదులు, ఆవరణలో పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం, అటెండరు నర్సింలు. నర్సింలు నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఉద్యోగం రాకముందు మేస్త్రి పని చేశాడు. చుట్టుపక్కల ఏ కొట్టంలో చూసినా గేదెలు కుడితి తాగే సిమెంటు గోలెం అతను కట్టిందే.

మా దగ్గరికి వచ్చేవి గేదెలు, మేకలు, గొర్రెలు. కాలేజీలో పాకే జంతువుల గురించి ఒకే ఒక్క పీరియడు చెప్పారు. అందులో కూడా మా లెక్చరర్ గారు "ఇవి మీ జన్మలో మీ దగ్గరికి రావు" అని పుస్తకం మూసేసి, పరీక్షలో వచ్చే గాలికుంటు వ్యాధి మీదికి వెళ్ళిపోయారు.

నా మొదటి పై అధికారి రామ్మోహనరావు గారని ఉండేవారు. మంచి ఆఫీసరని చెప్పలేను. టూరుకు వస్తే ఊరివాళ్ళ చేత కోడి కూర వండించుకోకుండా కదిలేవాడు కాదు. కానీ పని తెలిసినవాడు. ఒకసారి ఒక గేదె పాలు తగ్గిస్తే నేను మూడు రోజులు వరసగా ఇంజెక్షన్లు చేశాను. ఆయన వచ్చి గేదె వంకైనా చూడకుండా, అది కట్టేసి ఉన్న చోట కింద కూర్చున్నారు. పది నిమిషాల తర్వాత లేచి, వెనక్కి తిరిగి తన ప్యాంటు చూపించారు. తడిసిపోయి ఉంది.

"ఈ బురదలో గేదె పడుకుంటుందా? పడుకోని గేదె పాలెక్కడి నుంచి ఇస్తుందోయ్? ముందు కట్టేసిన చోట నువ్వు కూర్చో. ఆ తర్వాత పశువును చూడు."

ఆ మాట పదేళ్ళ పాటు ప్రతి కొట్టంలోనూ పాటించాను. ఒక్క ఏసీ హాల్లోకి వెళ్ళినప్పుడు మరిచిపోయాను.

కారులో వచ్చిన కబురు

ఫిబ్రవరి నెల. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడుతున్న రోజులు. ఆ భయం పుణ్యమా అని మాదాపూర్ బండరాళ్ళ మధ్య కొత్త భవనాలు లేస్తున్నాయి. ఆ రోడ్డు మీద అప్పటికింకా కార్ల కంటే మేకలే ఎక్కువ.

ఒక ఉదయం నేను ఒక గేదెకు చూలు పరీక్ష చేస్తున్నాను. నా చేయి భుజం దాకా గేదె లోపల ఉంది. అలాంటి సమయంలో ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. టై కట్టుకున్న ఒకాయన దిగి, పేడ తొక్కకుండా కాలి వేళ్ళ మీద నడుస్తూ వచ్చాడు. పేరు మురళీధర్. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. మాట వింటే రాజమండ్రి వైపు మనిషని తెలిసిపోయింది.

"డాక్టర్ గారూ నమస్తే అండి. ఇష్యూ కొంచెం క్రిటికల్ అండి. హెన్రీ పది రోజులుగా ఏమీ తినడం లేదు."

"హెన్రీ ఎవరండి?"

"మా క్లయింటు గారి తాబేలు అండి."

నర్సింలు గేదె తోక పట్టుకుని నిలబడ్డవాడు ఉన్నచోటే అన్నాడు: "కారేసుకొని తీస్కపోనీకి వచ్చిన్రంటే, గదెంత పెద్ద తాబేలో!"

జానెడు పొడవున్న తాబేలు. దాని కథ కారులో మురళీధర్ చెప్పాడు. కంపెనీకి అతి పెద్ద క్లయింటు డేవిడ్ అనే అమెరికా ఆయన. ఆరు నెలలు హైదరాబాదులో ఉండి, మూడు నెలల కిందట వెళ్ళాడు. వాళ్ళ ఎనిమిదేళ్ళ కూతురు ఇక్కడ దుకాణంలో కొనిపించుకున్న తాబేలును, మళ్ళీ వచ్చేదాకా చూసుకోమని కంపెనీకి అప్పగించి వెళ్ళారు. మార్చిలో తండ్రీ కూతురూ వస్తున్నారు. వారం వారం డేవిడ్ పంపే ఈమెయిల్లో మొదటి వాక్యం ప్రాజెక్టు గురించి, రెండో వాక్యం హెన్రీ గురించి ఉంటుంది. ఈ మధ్య వరస మారి మొదటి వాక్యమే హెన్రీ గురించి ఉంటోంది.

"ఆ పాప హ్యాపీగా లేకపోతే ఆయన హ్యాపీగా ఉండరండి. ఆయన హ్యాపీగా లేకపోతే మేం నూట నలభై మందిమి ఉండం," అన్నాడు మురళీధర్. నవ్వకుండానే అన్నాడు.

అద్దాల పెట్టె

రిసెప్షన్ మధ్యలో ఆరడుగుల అద్దాల పెట్టె. బొంబాయి డిజైనరు గీసిందట. సగం నీళ్ళు, సగం నేల. ఆ నేలంటే ముఖం చూసుకోగలిగేటంత నునుపుగా పాలిష్ చేసిన నల్ల గ్రానైటు పలక. నీటి మట్టానికి జానెడు ఎత్తున, నిట్టనిలువు అంచుతో ఉంది. దాని మీద ప్లాస్టిక్ తాటిచెట్టు, పక్కనే కంపెనీ బ్రోచర్లు. నీళ్ళు ఈశాన్యంలోనే ఉండాలని సిద్ధాంతి చెప్పడం వల్ల పెట్టెను కిటికీకి దూరంగా లోపలి మూలకు జరిపారు. పైన నీలం రంగు దీపం. హాల్లో నాకు వణుకు పుట్టేటంత చలి.

హెన్రీ నీళ్ళలో ఆ చివర నుంచి ఈ చివరకు ఈదుతోంది. కళ్ళ వెనక ఎర్రని చార, ఆకుపచ్చని డిప్ప. విదేశీ రకం. సెక్యూరిటీ గార్డు నాతో "హెన్రీ సార్‌కు వారం సంది మంచిగ లేదు సార్" అన్నాడు. ఆ పెట్టె ముందు నిలబడ్డవాళ్ళెవరూ హెన్రీని అది అనడం నేను వినలేదు.

దాన్ని చూసుకునే పని రిసెప్షనిస్టు సుజాతది. నిజాంపేట అమ్మాయి. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలయింది, ఇంకా పర్మనెంటు కాలేదు. ఆమె దగ్గర ఒక చార్టు ఉంది. హెన్రీ తిన్న రోజు ఆకుపచ్చ, కొంచెం తింటే పసుపు, తినకపోతే ఎరుపు. ప్రతి శుక్రవారం హెన్రీ మీద ఇరవై నిమిషాల మీటింగు జరుగుతుందట. చివరి పది గడులూ ఎర్రగా ఉన్నాయి.

"ఏం తింటలేదు సార్," అని, వెంటనే సర్దుకుని, "అంటే, తినడం లేదు సార్. రోజంతా వెనక కాళ్ళతో అద్దాన్ని గీకుతూనే ఉంటాడు," అంది.

రెండో వాక్యం నా చెవిన పడింది కానీ బుర్రలోకి పోలేదు. మెత్తని సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. తాగి, నాటుకోడి బరువుతో లెక్కకట్టి విటమిన్ చుక్కలు రాసిచ్చాను. డాక్టరు గారు వచ్చి చూశారన్న ధైర్యంతో ఆ శుక్రవారం చార్టులో ఒక గడి పసుపు రంగులోకి మారిందని తర్వాత తెలిసింది. హెన్రీ మాత్రం ఏమీ తినలేదు.

నా సంతకం

తర్వాతి సోమవారం పొద్దున్నే మళ్ళీ కారు వచ్చింది. శని ఆదివారాలు కొత్త మెషీన్లు పరీక్షించడానికి ఏసీ పూర్తిగా పెంచి వదిలేశారట. గార్డు స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని ఉన్నాడు. హెన్రీ నీటి అడుగున నాలుగు కాళ్ళూ మెడా చాచి రాయిలా పడి ఉంది.

బయటికి తీశాను. కాలు లాగితే వెనక్కి తీసుకోలేదు. కన్ను తాకితే రెప్ప కదలలేదు. స్టెతస్కోపు డిప్ప మీద పెట్టి అర నిమిషం విన్నాను. ఎముక మీద పెట్టి వింటే ఏం వినిపిస్తుంది? చుట్టూ పది మంది నిలబడి నా ముఖమే చూస్తున్నారు. అంతమంది చూస్తున్నప్పుడు డాక్టరు నోట ఏదో ఒక మాట రావాలి కదా అని, "పోయిందండి," అన్నాను.

సుజాత అక్కడే ఏడ్చేసింది. మురళీధర్ ముఖంలో నెత్తురు లేదు. అయినా మేనేజరు మేనేజరే. "రైటింగ్‌లో ఇస్తారా అండి? కారణం కూడా వేయాలి," అన్నాడు.

కారణం నాకు తెలియదు. తెలియదని రాయడానికి నామోషీ. 'ఆహారం తీసుకోకపోవడం వల్ల' అని రాసి సంతకం పెట్టాను. ముద్ర నా బ్యాగులోనే ఉంది. అది కూడా వేశాను.

కుర్ర డాక్టర్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన కాగితం మీద ఒక మాట రాస్తే అది వెళ్ళి ఎవరో ఒకరి మీద పడుతుంది. నేను రాసిన మూడు మాటలు గంట తిరక్కుండానే సుజాత మీద పడ్డాయి. హెన్రీకి ఆహారం పెట్టే బాధ్యత ఎవరిదో చార్టు మీద పేరుతో సహా ఉంది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని, లేకపోతే ఉద్యోగం ఉండదని ఆమెకు మెమో ఇచ్చారు.

ఈ సంగతి నాకు మధ్యాహ్నం మురళీధర్ మళ్ళీ పిలిపించినప్పుడు తెలిసింది.

నడిచిన డబ్బా

మురళీధర్ గదిలో టేబుల్ మీద ఒక ప్లాస్టిక్ టబ్బు ఉంది. తలుపు వేసి, గొంతు తగ్గించి అన్నాడు: "డాక్టర్ గారూ, బ్యాకప్ ఏర్పాటు చేశాం. మీరు చూసి ఓకే అంటే చాలండి."

టబ్బులో మన చెరువుల్లో దొరికే మామూలు తాబేలు. చెరువు దగ్గర ఎవరినో పట్టుకుని తెప్పించాడట. దాని రెండు చెంపలకూ ఎర్రగా గోళ్ళ రంగు పూసి ఉంది. ఆఫీసులో బ్రోచర్లు వేసే డిజైనరు స్వయంగా పూసిందట. హెన్రీ డిప్ప ఆకుపచ్చ, గట్టిది. దీని డిప్ప మట్టి రంగు, మెత్తది. పైగా ఇది రెండింతలుంది.

"ఇది హెన్రీలా ఎక్కడుందండి?"

"పెరిగిందని చెప్తామండి. మూడు నెలలైంది కదా."

"తల లోపలికి లాక్కుని కూర్చుంటే మీ ఎర్ర చార ఎవరికి కనిపిస్తుంది?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "బయటే ఉంచేలా ఏమైనా మందు ఉందా అండి?" అని అడిగాడు.

నాకు నవ్వు రాలేదు. మన చెరువుల్లోని తాబేలును పట్టి పెంచడం చట్టం ప్రకారం నేరమని, దీన్ని పట్టిన చోటే వదలకపోతే నేనే అటవీ శాఖకు చెప్పవలసి వస్తుందని చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడి, నూట నలభై మంది, నూట నలభై మంది అని గొణగడం మొదలుపెట్టాడు. అప్పుడే గార్డు తలుపు తోసుకుని వచ్చాడు.

"సార్! హెన్రీ సార్ డబ్బా నడుస్తుంది!"

జరిగింది ఇది. సుజాత హెన్రీని ప్రింటరు కాగితాలు వచ్చే అట్టపెట్టెలో పెట్టి, లాన్‌లో ఒక మూల పాతిపెడదామని తీసుకెళ్ళింది. కంపెనీ ఆవరణలో గుంట తవ్వాలంటే మేనేజరు సంతకంతో పర్మిషన్ ఫారం ఉండాలని గార్డు అడ్డుపడ్డాడు. మేనేజరేమో చెరువు దగ్గర తాబేలు బేరంలో ఉన్నాడు. ఫారం సంతకం కోసం ఆగింది. పెట్టె జనరేటరు షెడ్డు పక్కన ఎండలో ఆగింది. మూడు గంటలకు పైగా.

మేం పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆ అట్టపెట్టె ఫిబ్రవరి ఎండలో సిమెంటు బాట మీద జానెడు జరిగి, ఆగి, మళ్ళీ జానెడు జరుగుతోంది. సుజాత మోకాళ్ళ మీద కూర్చుని మూత తీసింది. హెన్రీ మెడ చాచి మమ్మల్నందరినీ ఒక చూపు చూసింది.

"బతికే ఉన్నది సార్! మీరు సచ్చిపోయిందని ఎట్ల రాసిన్రు?" అంది సుజాత. ఆఫీసు తెలుగు పక్కకు పోయి నిజాంపేట తెలుగు వచ్చింది.

తాబేలు ఒంట్లో వేడి పుట్టదు. బయటి వేడే దాని వేడి. చలిలో అది తనను తాను దాదాపు ఆపేసుకుంటుంది. నేను విన్న ఆ అర నిమిషంలో దాని గుండె ఒక్కసారి కూడా కొట్టుకుని ఉండకపోవచ్చు. చల్లబడిన తాబేలును వేడెక్కించి చూడకుండా పోయిందని చెప్పకూడదు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒక పర్మిషన్ ఫారం చెప్పింది.

ఆ సాయంత్రమే రెండు పనులు చేశాను. మొదట చెరువు తాబేలు చెంపల రంగు గోటితో మెల్లగా గీకి, దాన్ని పట్టిన చోటే వదిలాను. తర్వాత మురళీధర్ దగ్గరికి వెళ్ళి సుజాత మెమో వెనక్కి తీసుకోమన్నాను.

"మీ సర్టిఫికెట్ ఫైల్లో ఉంది కదండీ. రివైజ్డ్ కాపీ ఇస్తేనే మెమో క్లోజ్ అవుతుంది," అన్నాడు.

రాశాను. 'ఉదయం చనిపోయిన హెన్రీ మధ్యాహ్నం నుంచి బతికి ఉన్నది. ఇందులో సుజాత లోపమేమీ లేదు. లోపం నాది.' నా సర్వీసులో పూర్తిగా నిజం రాసిన కాగితాల్లో అదొకటి.

నర్సింలు గోలెం

అప్పటికి గాని రామ్మోహనరావు గారి మాట గుర్తురాలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ అద్దాల పెట్టె పక్కన నేల మీద కూర్చుని నీళ్ళలో చేయి పెట్టాను. ఐదు నిమిషాలకు వేళ్ళు కొంకర్లు పోయాయి. గ్రానైటు పలకను పట్టుకుని పైకి రావాలని చూశాను, గోరు కూడా ఆనలేదు. మూడు నెలలుగా హెన్రీ ఒక్కసారి కూడా ఒడ్డెక్కలేదని అప్పుడు అర్థమైంది. ఆ నేల సగం బ్రోచర్ల కోసం కట్టిన నేల.

హెన్రీని కిటికీ పక్కన ఎండ తగిలేలా టబ్బులో ఉంచమని చెప్పి, నర్సింలును పిలిపించాను. అతను పెట్టెను నాలుగు వైపుల నుంచీ చూశాడు.

"గిది బర్రె లెక్కనే సార్. జర సేపు నీళ్ళల్ల పంటది, జర సేపు ఎండకు పంటది. గీ అద్దంల రెండూ లెవ్వు. బయట గోలెం కడదం."

గేటు పక్కన, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండ తగిలే చోటు చూశాం. అది ఆగ్నేయం. మురళీధర్ సిద్ధాంతికి ఫోన్ చేశాడు. ఆగ్నేయం అగ్ని స్థానమనీ, అక్కడ నీళ్ళు ససేమిరా కుదరవనీ ఆయన అన్నాడు. ఫోన్ పెట్టేసి మురళీధర్ పరేషాన్‌లో పడ్డాడు. నర్సింలు తాపీ కింద పెట్టి అడిగాడు:

"అగ్గి జాగనే గద సార్ మనకు కావల్సింది? దానికి యేడి కావాలె. గిదే మాట చెప్పున్రి అయ్యగారికి."

మళ్ళీ ఫోన్ చేస్తే, అలాగైతే దోషం లేదన్నాడట.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గోలెం. అందులో సగం నీళ్ళు. లోతు మోకాలికి కొంచెం తక్కువ. తాబేలు వెల్లకిలా పడితే తిరగబడడానికి దాని వెడల్పు కంటే ఎక్కువ లోతు ఉండాలి. నీటి అడుగు నుంచి నేల మీదికి ఏటవాలు, దూడ కూడా నడిచి ఎక్కగలిగేటంత నిదానమైన వాలు. సిమెంటు తడిగా ఉండగానే నర్సింలు సన్న కంకర అద్ది, ఆరిన తర్వాత తన గోళ్ళతో గీకి చూసుకున్నాడు. అడుగున నీళ్ళు వదిలే తూము, దానికి గుడ్డ చుట్టిన చెక్క బిరడా. ఒక మూల నీడకు షాబాదు బండ. కాకులూ గద్దలూ రాకుండా పైన ఇనుప జాలీ. కుళాయి నీళ్ళు ఒక రోజు బకెట్లలో ఉంచి, మందు వాసన పోయాకే పోయడం. హెన్రీని ముట్టుకున్నవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవడం. తిండికి తోటకూర, నీటి నాచు, చిన్న చేపలు. అంతకు ముందు క్యాంటీన్ బ్రెడ్డు పెట్టేవాళ్ళు.

నేల సగంలో నేను నాలుగు వేళ్ళ మందం ఇసుక చాలన్నాను. నర్సింలు అడుగు లోతు నింపి నీళ్ళు చిలకరించాడు.

"ఇంత ఎందుకు నర్సింలూ?"

"ఒడ్డంటే గిట్లనే ఉంటది సార్. మీది మీద ఇసుక జల్లితె అది ఒడ్డెట్లయితది?"

మురళీధర్ ఒక జాబితాతో వచ్చి ఒక్కొక్క అంశానికీ టిక్కు పెట్టుకున్నాడు. చివరి అంశం 'చూడటానికి ఎలా ఉంది'. అక్కడ కలం ఆగింది. "కొంచెం పశువుల తొట్టిలా ఉందండి," అన్నాడు.

"పశువుల తొట్టే సార్," అన్నాడు నర్సింలు.

హెన్రీని నీళ్ళలో వదిలాం. ఒక చుట్టు ఈది, వాలు దగ్గర ఆగి, ముందరి కాలు కంకర మీద వేసి చూసుకుని, మెల్లగా పైకి వచ్చింది. ఎండలో నాలుగు కాళ్ళూ వెనక్కి చాచి కళ్ళు మూసుకుంది. సుజాత చప్పట్లు కొట్టబోయి, చేతులు కలిపినవి కలిపినట్టే ఆపేసుకుంది. మూడో రోజు తోటకూర తింది. చార్టు ఆకుపచ్చగా మారింది.

క్లయింటు వచ్చిన రోజు

డేవిడ్ రావడానికి రెండు రోజుల ముందు హెన్రీ మళ్ళీ తిండి మానేసింది. ఏటవాలు ఎక్కుతుంది, ఇసుకలో తిరుగుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. సుజాత ఫోన్ చేసి, "మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు సార్," అంది. ఈసారి విన్నాను. విన్నాను గాని అర్థం చేసుకోలేదు.

ఆ ఉదయం నేనూ నర్సింలూ ఎనిమిదింటికే అక్కడున్నాం. కంపెనీ మొత్తం మెట్ల మీద నిలబడింది. పూలదండలు, బొట్టు పళ్ళెం. కారు దిగిన పాప దండలనీ పళ్ళేన్నీ దాటుకుని "హెన్రీ!" అంటూ గోలెం దగ్గరికి పరుగెత్తింది. వెనకే డేవిడ్, ఆయన వెనక మేమందరం.

హెన్రీ ఇసుక మధ్యలో మాకు వీపు చూపిస్తూ నిలబడి, వెనక కాళ్ళతో ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక ఎత్తి పక్కకు పోస్తోంది.

"పారిపోతున్నాడు! ఆపండి ఎవరైనా!" అని మురళీధర్ చెయ్యి చాచాడు.

నర్సింలు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ముట్టకున్రి సార్. అది పారిపోతలేదు. గుడ్లు పెట్టనీకి జాగ చేస్కుంటుంది."

వందల గేదెలకు పురుడు పోసిన చేతులివి. నెల రోజులుగా నా కళ్ళ ముందు ఒక చూలాలు చోటు కోసం వెతుక్కుంటూ అద్దాన్ని గీకుతుంటే విటమిన్లు రాశాను. హెన్రీ అన్న పేరు విని మగదనుకున్నాను. ఆడ తాబేలు గుడ్లకు నేల తవ్వాలి. ఆ నేల దొరక్కపోతే గుడ్లు కడుపులోనే ఆపుకుంటుంది, ఆపుకుని ఆపుకుని చచ్చిపోతుంది. నేను చెప్పినట్టు నాలుగు వేళ్ళ ఇసుకే పోసి ఉంటే, ఆ పాప కళ్ళ ముందే నా మొదటి సర్టిఫికెట్ నిజమయ్యేది.

ఆ పని ముప్పావు గంట సాగింది. మురళీధర్ గేటు దగ్గరికి వెళ్ళి కార్ల హారన్లు కొట్టవద్దని డ్రైవర్లకు సైగ చేశాడు. పది గంటల మీటింగు పోయింది. నూట నలభై మంది ఒక గేదెల గోలెం చుట్టూ నిలబడి చూశారు. ఒకటి, రెండు, మూడు... తెల్లగా, పొడుగ్గా ఏడు గుడ్లు. చివరిది పడ్డాక హెన్రీ వెనక కాళ్ళతోనే ఇసుక పూడ్చి, కడుపుతో అదిమి చదును చేసింది. వెనక్కి తిరిగి చూడకుండా అంత నీటుగా పనిచేసిన మేస్త్రిని తాను కూడా చూడలేదన్నాడు నర్సింలు.

గార్డు నా చెవిలో, "అయితే హెన్రీ మేడమా సార్?" అన్నాడు.

పాప కళ్ళు మెరుస్తున్నాయి. పిల్లలు ఎప్పుడు వస్తాయని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మురళీధర్ ఇంగ్లీషులో గట్టిగా చెప్పాడు: అరవై రోజుల్లో, తప్పకుండా.

డేవిడ్ నా వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. వెనక నుంచి మురళీధర్ కళ్ళతో బతిమాలుతున్నాడు. ఒక కాగితం మీద అబద్ధం రాసి ఏమైందో అప్పటికే చూశాను. మగ తాబేలు లేకుండా పెట్టిన గుడ్లనీ, వీటిలోంచి పిల్లలు రావనీ, కానీ ఇవి బయటికి రావడం వల్లనే హెన్రీ బతికిందనీ నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.

మురళీధర్ నా పక్కకు వచ్చి గొణిగాడు: "డాక్టర్ గారూ, డేటు కొంచెం పొడిగిస్తే ఏమైనా అవకాశం ఉంటుందా అండి?"

"ఉండదండి."

పాప కాసేపు ఇసుక వంక చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. సుజాత చెయ్యి పట్టుకుని, తల ఎత్తి నన్ను అడిగింది: పిల్లలు రావని హెన్రీకి తెలుసా?

హెన్రీ అప్పటికే ఏటవాలు దిగి నీళ్ళలో ఒక మునక వేసి, మళ్ళీ పైకి వచ్చి ఎండలో ఆరబెట్టుకుంటోంది. నా చుట్టూ నూట నలభై మంది నిలబడి డాక్టరు ఏం చెబుతాడా అని నా ముఖమే చూస్తున్నారు.

"నాకు తెలియదమ్మా," అన్నాను.